తల పట్టీ మీది పేరు

గెంట్,
12 జనవరి 1997

తమ్ముడు ఫిర్మిన్‌కు,

నీ మోకాలి నొప్పి సంగతి తర్వాత అడుగుతాను. ముందు నా కడుపుమంట విను.

ట్రామ్ కంపెనీలో రిటైరైనప్పటి నుంచి నేను వేలంపాటల్లో పాత సినిమా సరుకు కొంటున్నానని నీకు తెలుసు. టిక్కెట్ల చుట్టలు, హాలు గోడల మీది ఫొటోలు, విరామంలో వేసే ప్రకటనల గాజు పలకలు. ఖరీదైన పోస్టర్ల జోలికి పోను, కేటలాగులో చూసి సంతోషిస్తాను. నిన్న బ్రస్సెల్స్ నుంచి కొత్త కేటలాగు వచ్చింది. కాఫీ పోసుకుని తిరగేస్తుంటే నూట పద్దెనిమిదో నంబరు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. 'దీపస్తంభంలో పెళ్ళి' పోస్టరు. పైన తల పట్టీ మీద "సినిమా ఫ్లోరా, రోన్సె, శని, ఆది, సోమ" అని రెండు భాషల్లో రాసి ఉంది. మన హాలు. అమ్మ చేతిరాత.

కింద ఏమని అచ్చేశారో తెలుసా? "తల పట్టీ రాత: రోన్సె బోర్డుల చిత్రకారుడు ఆల్ఫోన్స్ డెరైకె. ఈయన పనితనానికి సేకర్తలలో ఆదరణ పెరుగుతోంది."

ఆల్ఫోన్స్ డెరైకె మాంసం కొట్టు బోర్డు రాస్తే చివరి అక్షరం గోడ మలుపు తిరిగి పక్కింటి మీదికి పోయింది. నీకూ గుర్తుండాలి, మనిద్దరం అక్కడ నిలబడి నవ్వినందుకు అమ్మ మన చెవులు మెలేసింది. ఆ మనిషి మన హాలు ముఖం మీద పేరు ఒక్కసారి రాశాడు. కాగితం మీద ఎప్పుడూ కుంచె పెట్టలేదు.

పోస్టర్లన్నీ పైన ఖాళీ పట్టీతోనే అచ్చయ్యేవి, ఏ హాలు వాళ్ళు ఆ హాలు పేరు వేసుకునేవాళ్ళు. మిగతావాళ్ళు రబ్బరు ముద్ర కొట్టేవాళ్ళు. అమ్మ మాత్రం ప్రతి మంగళవారం వంటింటి బల్ల మీద కూర్చుని, అల్లిక సూదితో కొలుచుకుని, కుంచెతో రాసేది. ఫ్లెమిష్ వరస, ఫ్రెంచి వరస సరిగ్గా ఒకే పొడవు. ఒకటి వేలెడు తగ్గినా సగం ఊరు టిక్కెట్ల కిటికీ దగ్గరికొచ్చి పోట్లాడేది. ఇప్పుడు దాన్ని ఈ పెద్దమనుషులు "రెండు భాషల సమతూకం" అంటున్నారు. సమతూకమూ లేదు, వంకాయా లేదు. పోట్లాట తప్పించుకోవడం.

నాన్న పోయాక ఇరవై రెండేళ్ళు ఆ హాలు నడిపింది, ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆవిడకు ఒక్క ఫొటో కూడా కుదురుగా లేదు. మిగిలింది ఆ చేతిరాతే. దాన్ని ఇంకొకడి పేరున పోనివ్వను. కేటలాగు దిద్దించే దాకా వదలను.

నువ్వు ముప్పై ఏళ్ళుగా పాత పోస్టర్లకు వెనక గుడ్డ అంటించి బాగుచేసే పనిలో ఉన్నావు. వీధిలో పెట్టే ప్రతి పోస్టరు మీదా పన్ను బిళ్ళ అంటించి, దాన్ని మళ్ళీ వాడకుండా సంతకంతో కొట్టెయ్యాలి కదా. అమ్మ దాని మీద ఎ.వె. అని వేసేది. ఎమ్మా వెర్హలే. ఆ బిళ్ళ ఉన్న ఫ్లోరా పోస్టరు ఒక్కటి నాకు చూపించు. మిగతాది నేను చూసుకుంటాను.

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నీకు ఎప్పుడూ లైను సరిగా ఉండదు. కాగితం మీద రాయి.

అక్క,
గోడెలీవ్


లియేజ్,
27 జనవరి 1997

అక్కా,

అడగకపోయినా చెబుతున్నాను, మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు నాకంటే ముందు అదే అరుస్తుంది.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, కాస్త బాధా పడ్డాను. ఆల్ఫోన్స్ చనిపోయి పద్దెనిమిదేళ్ళయింది. అమ్మ పోయీ అంతే. ఇద్దరిలో ఎవరూ వచ్చి మాకు అన్యాయం జరిగిందని అడగరు. సేకర్తలకు ఏదో ఒక పేరు కావాలి. పేరు లేని వస్తువు వాళ్ళకు తలుపు లేని ఇల్లులా ఉంటుంది. ఎవరో ఎప్పుడో ఒక పేరు చెప్పారు, అది పాకింది.

పన్ను బిళ్ళల సంగతి అడిగావు. మా పని నీకు తెలియదు. పోస్టరును ముందు తొట్టిలో నీళ్ళలో నానబెడతాం. బిళ్ళ జిగురు పావుగంటలో కరిగి, బిళ్ళ దానంతటదే పైకి తేలుతుంది. కొనేవాళ్ళకు కూడా అది లేకపోతేనే ఇష్టం. శుభ్రంగా, కొత్తదిలా ఉండాలంటారు. మనం తియ్యకపోతే ఎందుకు తియ్యలేదని అడుగుతారు. తేలిన బిళ్ళ మీద ఎవరి సంతకం ఉందో చూస్తూ కూర్చుంటే పని సాగదు.

మన ఇంటి అటక మీద అమ్మ దాచిన పోస్టర్ల కట్ట ఉంటే నీకు పనికొచ్చేది. ఏం చేస్తాం, ఇల్లు అమ్మిన ఏడు కప్పు కారి అదంతా ముద్దయిపోయింది. అప్పట్లోనే నీకు చెప్పాను కదా.

ఈ వయసులో బ్రస్సెల్స్ రైళ్ళెక్కి జనంతో గొడవపడకు. నీకు ఇష్టమని ఇక్కడి బేరిపండ్ల పాకం ఒక సీసా పంపుతున్నాను.

తమ్ముడు,
ఫిర్మిన్


గెంట్,
10 ఫిబ్రవరి 1997

ఫిర్మిన్‌కు,

పాకం అందింది. బాగుంది. దానితో నా నోరు అతుక్కుంటుందని అనుకుంటే పొరపాటు.

గురువారం బ్రస్సెల్స్ వెళ్ళాను. వేలానికి ముందు సరుకు చూసుకునే రోజు. నూట పద్దెనిమిదో నంబరు గోడకు తగిలించి ఉంది. దగ్గరికి వెళ్ళి వాసన చూశాను, అది చూసి ఒక కాపలాదారు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అమ్మ రాతే, సందేహం లేదు. పట్టీకి కుడి చివర తపాలా బిళ్ళంత తెల్లటి చతురస్రం ఉంది. చుట్టూ కాగితం పసుపు తిరిగింది, అక్కడ మాత్రం పాలలా ఉంది. ఎన్నేళ్ళో అక్కడున్న బిళ్ళ ఊడదీసినట్టు చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

అక్కడ పోస్టర్ల నిపుణురాలు మదాం హుబెన్ అని ఒకావిడ. సన్నగా, మర్యాదగా, గాజు గ్లాసులా ఉంది. నేను చెప్పిందంతా విన్నది. చివరికి అన్నది: "మీ మాట నేను నమ్మచ్చమ్మా. కానీ నమ్మకాన్ని అచ్చెయ్యలేను కదా. కాపెల్మాన్స్ గారు తన పుస్తకంలో డెరైకె అని రాశారు. మీరేదైనా కాగితం పట్టుకొస్తే ఆ పేరు తీసేస్తాను."

ఆ కాపెల్మాన్స్ అనేవాడు ఆంట్వెర్ప్ పండ్ల వ్యాపారి. ఫ్లోరా పోస్టర్లు మొదట పోగేసింది వాడేనట, ఆ తర్వాత సగం అమ్ముకున్నాడట. పుస్తకం అక్కడే కొన్నాను, నా పింఛనులో చిల్లు పడింది. అందులో ఆల్ఫోన్స్ మీద మూడు పేజీలున్నాయి. "మౌని, ఏకాంతవాసి" అని రాశాడు. ఆల్ఫోన్స్ ఏకాంతంగా ఉన్నది బీరు పీపా ఖాళీ అయ్యాకే.

శనివారం రోన్సె వెళ్ళి ఆల్ఫోన్స్ కొడుకు రిక్‌ను పట్టుకున్నాను. ఇప్పుడు రంగుల దుకాణం అతనిదే. పుస్తకాన్ని అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. మీ నాన్న పోస్టర్ల మీద రాశాడా అని సూటిగా అడిగాను. రిక్ తలుపు వేసొచ్చి చెప్పాడు: "కాగితమా? నాన్న కాగితం ముట్టేవాడు కాదు. అది ఆడవాళ్ళ పని అనేవాడు. కానీ గోడెలీవ్ గారూ, ఆయన జన్మలో ఆయన్ని మెచ్చుకున్నవాళ్ళు లేరు. పోయాక మెచ్చుకుంటుంటే నేనెందుకు అడ్డం పడాలి?" రాసివ్వమంటే రాసివ్వనన్నాడు. కోపం రాలేదు నాకు, నిజం చెప్పాడు కాబట్టి. కాఫీ తాగి వచ్చాను.

కాబట్టి కాగితం నేనే సంపాదించాలి. నీ చేతుల మీదుగా ఫ్లోరా పోస్టర్లు ఎన్ని వెళ్ళాయి? ఒక్కదాని మీదైనా బిళ్ళ మిగల్లేదా? ఎవరు తెచ్చారు? గుర్తు తెచ్చుకో.

గోడెలీవ్


లియేజ్,
21 ఫిబ్రవరి 1997

అక్కా,

నలభై ఒకటి వెళ్ళాయి. ఒక్కదాని మీదా బిళ్ళ మిగల్లేదు. తెచ్చినవాళ్ళ సంగతి బయటపెట్టడం మా వృత్తిలో మర్యాద కాదు.

నువ్వు రిక్ దుకాణానికి వెళ్ళి ఆ మనిషిని ఇరుకున పెట్టడం నాకు నచ్చలేదు. ఇక ఆపు. అమ్మ ఉంటే ఈ రచ్చ చూసి సిగ్గుపడేది. ఆవిడకు పేరు మీద మోజు లేదు. నీకే పట్టింది.

ఫిర్మిన్


గెంట్,
17 మార్చి 1997

ఫిర్మిన్‌కు,

అమ్మకు పేరు మీద మోజు లేదన్నావు. ఉంది. నాకు సాక్ష్యం దొరికింది.

వసంతకాలపు వేలానికి వచ్చే సరుకు చూద్దామని మళ్ళీ బ్రస్సెల్స్ వెళ్ళాను. కాపలాదారు ఇప్పుడు నన్ను పేరు పెట్టి పలకరిస్తున్నాడు. ఒక బల్ల మీద మడతలు పడి, నూనె మరకలతో, కొత్తగా వచ్చిన పోస్టరు ఒకటి ఉంది. ఇంకా నీళ్ళు తగలనిది. 'మూడో వంతెన'. సినిమా ఫ్లోరా, రోన్సె. కుడి చివర పన్ను బిళ్ళ ఉంది. దాని మీద ఎ.వె., 10-3-53.

అది రోన్సె బ్రెడ్డు కొట్టు వాళ్ళది. పోస్టరు కిటికీలో పెట్టుకుంటే కొట్టువాళ్ళకు అమ్మ రెండు టిక్కెట్లు ఉచితంగా ఇచ్చేది, గుర్తుందా? ఆ కొట్టు కూతురు యోసియాన్ కిటికీ చెక్కలు మార్పిస్తుంటే వెనకాల దొరికిందట. అమ్మకానికి పెట్టింది.

నేను భూతద్దం అడిగి తీసుకుని చూశాను. అమ్మ పిసినారితనం నీకు తెలుసు కదా, సంతకానికి విడిగా కలం ముంచేది కాదు. పట్టీ రాయడం అవగానే కుంచెలో మిగిలిన రంగుతోనే బిళ్ళను కొట్టేసేది. ఈ పోస్టరు మీద 'వె' తోక బిళ్ళ దాటి కాగితం మీదికి వచ్చి, పైనున్న చివరి అక్షరాన్ని తాకింది. రాసిన చెయ్యీ సంతకం చేసిన చెయ్యీ ఒకటేనని దీనికంటే ఏం కావాలి?

మదాం హుబెన్‌కు చూపించాను. ఆవిడ కూడా చాలాసేపు చూసింది. రెండు రంగులూ ఒకేసారి తడిగా ఉండి కలిశాయా, లేక ఎండిపోయాక ఒకదాని మీద ఒకటి పడిందా అన్నది తను చెప్పలేనంది. చెప్పగలిగింది కాగితాలు బాగుచేసే నిపుణుడే అన్నది. ఎలాగూ వేలానికి ముందు గుడ్డ అంటించడానికి పంపుతున్నాం, కడిగే ముందు ఆయన్నే చూడమంటాను అంది. ఎవరాయన అన్నాను. "లియేజ్‌లో ఉన్నారు. పదేళ్ళుగా మాకు ఆయనే. ఫ్లోరా పోస్టర్ల విషయంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు."

నేను నవ్వలేదు. నా తమ్ముడే అని కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రైలెక్కాక గానీ నాకు అర్థం కాలేదు.

నీ ఉత్తరంలో నలభై ఒకటి అని రాశావు. ఇల్లు ఖాళీ చేసే ముందు వేసవిలో నేను అటకెక్కి ఆ కట్ట లెక్కపెట్టాను. నీకు చెప్పినట్టు లేను. హాలు ముందు గాజు పెట్టెలోంచి తీసి అమ్మ దాచుకున్నవి, బిళ్ళలతో సహా, నలభై ఒకటి.

నాకు రెండు పనులు చేసిపెట్టు. ఆ బిళ్ళ మీద చుక్క నీరు పడనివ్వకు. ఆ నలభై ఒకటి ఎవరు తెచ్చారో చెప్పు.

గోడెలీవ్


లియేజ్,
3 ఏప్రిల్ 1997

అక్కా,

పోస్టరు నా బల్ల మీదుంది. వచ్చి వారమైంది. పక్కన వేలం సంస్థవాళ్ళ చీటీ ఉంది: రాత పరిశీలించి అభిప్రాయం రాయాలి, తర్వాత మామూలుగా కడిగి బిళ్ళ తొలగించాలి. వారం నుంచి తొట్టిలో నీళ్ళు పడుతున్నాను, పారబోస్తున్నాను.

ఎవరూ తేలేదు అక్కా. నేనే తెచ్చాను.

అటక కారలేదు. ఇల్లు అమ్మిన ఏడు నీకంటే రెండు రోజులు ముందు వెళ్ళి కట్ట కారులో వేసుకున్నాను. అప్పటికి నేను ఇంకొకడి దగ్గర జీతానికి ఉన్నాను. సొంతంగా పని పెట్టుకోవాలంటే పెద్ద తొట్టి కావాలి, చోటు కావాలి. నిన్ను అడగచ్చు. అడిగితే సగం నీదంటావని, అమ్మనివ్వవని తెలుసు. నువ్వు ఆ రోజు ముద్దయిపోయాయంటే నమ్మి మెట్ల మీద కూర్చుని ఏడ్చావు. నేను పక్కన నిలబడి నీకు చేతి గుడ్డ ఇచ్చాను.

కాపెల్మాన్స్ కొంటానన్నాడు. ఆ బిళ్ళల మీద ఎ.వె. అని ఉంది. రోన్సెలో ఎవర్ని అడిగినా ఎమ్మా వెర్హలే అని చెబుతారు, పిల్లలెవరని అడిగితే మనిద్దరి పేర్లు చెబుతారు. అందుకని బిళ్ళలు తీశాను. అవి తేలిపోయాయని నీకు రాశాను చూడు, అది సగం నిజం. బిళ్ళ నీళ్ళకు ఊడుతుంది, రంగు ఊడదు. 'వె' తోక ప్రతిసారీ కాగితం మీదికి వచ్చేది. సన్న కత్తి పెట్టి గీకాను. నలభై ఒక్కసారి గీకాను. కత్తి జారి ఒకచోట చిల్లు పడితే దానికీ మాటు వేశాను. నా జన్మలో నేను చేసిన అన్నింటికంటే శుభ్రమైన పని అది.

తర్వాత ఆయన, ఇంత బాగా రాసింది ఎవరని అడిగాడు. మా ఊళ్ళో బోర్డులు రాసే ఒకాయన ఉండేవాడు అన్నాను. పేరు అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పాను. పుస్తకం అచ్చయ్యాక మొదటి ప్రతి నాకే ఇచ్చాడు, ధన్యవాదాలని రాసి.

అమ్మ సిగ్గుపడేదని నీకు రాశాను. రాసిన రాత్రి నిద్ర పట్టలేదు. సిగ్గు నాదే.

ఇప్పుడు ఈ బిళ్ళను కడిగేస్తే ఎవరికీ తెలియదు. చీటీలో ఉన్నదే చేశానంటే సరిపోతుంది. నేను ఆ మాట అనుకోలేదని అబద్ధం చెప్పను. మొదటి రెండు రోజులూ అదే అనుకున్నాను.

ఫిర్మిన్


గెంట్,
5 ఏప్రిల్ 1997

ఫిర్మిన్‌కు,

చదివాను. రెండుసార్లు చదివాను.

తొట్టి ఖాళీ చెయ్యి. భూతద్దం తీసుకుని నువ్వు చూసింది చూసినట్టు రాసి, సంతకం పెట్టి, మదాం హుబెన్‌కు పంపు. నువ్వు ఎమ్మా వెర్హలే కొడుకువని కూడా రాయి. లేకపోతే రేపు ఎవరో కనిపెట్టి, అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కున్నారంటారు.

మనిద్దరి సంగతి ఆ తర్వాత.

గోడెలీవ్


లియేజ్,
24 ఏప్రిల్ 1997

అక్కా,

పంపాను. రెండు రంగులూ తడిగా ఉండగానే కలిశాయని రాశాను. అది నిజం. భూతద్దం కింద చూస్తే ఒకదానిలోకి ఒకటి పారింది, మధ్య గీత లేదు. ఒకే కుంచె, ఒకే నిమిషం.

కొడుకునని రాశాను. కొడుకు మాట ఎవరు నమ్ముతారని నాకూ అనిపించింది. అందుకని నలభై ఒకటి గురించి కూడా రాశాను, ఏ పోస్టరు మీద ఎక్కడ గీకానో నా పని పుస్తకంలోంచి పూర్తిగా ఎత్తి రాశాను. తనకు నష్టం తెచ్చే సాక్ష్యం ఎవడూ కల్పించడు కదా.

మదాం హుబెన్ ఫోన్ చేసింది. కాపెల్మాన్స్ దగ్గరున్న పోస్టర్లలో మూడు తెప్పించి, నేను చెప్పిన చోట్ల దీపం కింద పెట్టి చూశారట. గీకిన గుర్తులు దొరికాయి. పేరు మారుస్తూ కేటలాగులో ఒక చీటీ అచ్చేసి పెడతారు. పోస్టరును కడగకుండా, గుడ్డ అంటించకుండా అలాగే అమ్ముతారు. ఇకమీదట నాకు పని పంపరు. ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. నేను అర్థమైందన్నాను.

ఒక చెడ్డ వార్త కూడా ఉంది. పేరు ఖాయమయ్యేసరికి దాని ధర పెరుగుతుందట. బిళ్ళతో మిగిలింది ఇదొక్కటే కాబట్టి. నువ్వు దాచుకున్నది చాలకపోవచ్చు. నా దగ్గరున్నది పంపనా?

ఫిర్మిన్


గెంట్,
19 మే 1997

ఫిర్మిన్‌కు,

డబ్బు పంపలేదు, మంచిదైంది. పంపినా తిరగ్గొట్టేదాన్ని. అమ్మ పోస్టరును అమ్మ పోస్టర్లు అమ్మిన డబ్బుతో కొంటే బాగుండదు.

నిన్న వేలం జరిగింది. ముందు వరసలో కూర్చున్నాను. నంబరు పలక ఒడిలో పెట్టుకుంటే చెమటకు అంకె చెదిరింది. నా పక్కన ఒక లావుపాటాయన ఆపకుండా పుదీనా బిళ్ళలు తింటున్నాడు. మన నంబరు వచ్చింది. వేలం వేసే ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ చీటీ చదివాడు: "తల పట్టీ రాత, పన్ను బిళ్ళ మీద సంతకం, సినిమా ఫ్లోరా యజమానురాలు ఎమ్మా వెర్హలే." అంతే. తుమ్మినంత సేపు పట్టలేదు. ఎవరూ తల తిప్పలేదు. వెనకాల ఎవరో దగ్గారు. నాకు ఏడుపొచ్చింది, అదీ పలక ఎత్తాల్సిన సమయంలో.

ఎత్తాను. ఆరు వేల ఫ్రాంకుల దగ్గర మొదలైంది. ముప్పై వేలు దాటనని ఇంట్లో ఒట్టు పెట్టుకుని వెళ్ళాను. ముప్పై ఎనిమిది దాకా ఎత్తాను. తర్వాత నా చెయ్యి నేనే పట్టుకుని కిందికి దించాను. అరవై ఆరు వేలకు పుదీనా బిళ్ళలాయన కొన్నాడు. నాకు వాణ్ణి గిచ్చాలనిపించింది. పోగొట్టుకున్నందుకు గొప్ప మనసుతో సంతోషించానని నువ్వు అనుకోవద్దు. దాన్ని నా వంటింట్లో పెట్టుకోవాలని ఎంత ఆశపడ్డానో నాకు తెలుసు.

బయట, తగిలించిన కోట్లు తిరిగి తీసుకునే చోట ఆయనే నా దగ్గరికొచ్చి, తన పేరు కాపెల్మాన్స్ అన్నాడు. మదాం హుబెన్ నన్ను చూపించిందట. "మీ అమ్మగారి గురించి మూడు పేజీలు తప్పు రాశాను. పుస్తకం మళ్ళీ వేస్తాను. ఆవిడ ఎలా రాసేవారో చెబుతారా?" అన్నాడు. అల్లిక సూది సంగతి చెప్పాను. నిలబడి నోట్ పుస్తకంలో రాసుకున్నాడు. ఊళ్ళో పోట్లాటల గురించి చెబితే గట్టిగా నవ్వాడు, సమతూకం అన్న మాట కొట్టేస్తానన్నాడు. అటక కట్టలో సగం మీది కదా, ఏం చెయ్యమంటారని తనే అడిగాడు. ఉంచుకోమన్నాను. కొత్త పుస్తకంలో అమ్మ పేరు అట్ట మీద ఉండాలన్నాను. లోపల కాదు, అట్ట మీద. సరేనన్నాడు.

ఇక మనిద్దరి సంగతి.

క్షమించానా అని అడగకు. ఇంకా లేదు. పదమూడేళ్ళు నాతో క్రిస్మస్ భోజనానికి కూర్చున్నావు, ఉప్పు అందించావు. దాని గురించి నేను ఆలోచించాలి. కానీ కాపెల్మాన్స్ దగ్గర ఇప్పుడు పంతొమ్మిదే ఉన్నాయట. మిగిలిన ఇరవై రెండు ఎక్కడెక్కడో గోడల మీద ఆల్ఫోన్స్ పేరుతో వేలాడుతున్నాయి. కొన్నవాళ్ళు మళ్ళీ బాగుచేయించడానికి నీ దగ్గరికే తెచ్చి ఉంటారు, వాళ్ళ చిరునామాలు నీ పని పుస్తకంలో ఉన్నాయి. అందరికీ ఉత్తరాలు రాయి. టైపు కాదు, చేత్తో. వచ్చే నెల మొదట్లో లియేజ్ వస్తాను. ఎన్ని రాశావో చూస్తాను.

గోడెలీవ్


లియేజ్,
2 జూన్ 1997

అక్కా,

పద్నాలుగు రాశాను. ఎనిమిది మిగిలాయి. శుక్రవారం నువ్వు వచ్చేసరికి అవీ అవుతాయి. స్టేషనుకు వస్తాను, మోకాలు ఏమన్నా సరే.

పని తగ్గింది కాబట్టి తీరిక బాగానే ఉంది. బ్రస్సెల్స్ వాళ్ళ ద్వారా కబురు పాకి, ఇంకో ఇద్దరు సరుకు వెనక్కి తీసుకున్నారు. కొలోన్ నుంచి ఒకాయన మాత్రం తన పోస్టరు మీద నేను గీకిన చోట ఏముండేదో పెన్సిలుతో గీసి పంపమని అడిగాడు. గీశాను. 'ఎ' బాగానే వచ్చింది. 'వె' తోక అమ్మకు వచ్చినట్టు రాలేదు. పదిసార్లు గీసి చూసినా రాలేదు. రానట్టే పంపాను.

ఈ ఉత్తరాల్లో మొదటిదానికి ఒక రోజంతా పట్టింది. నాలుగు చిత్తుల్లో "సినిమా ఫ్లోరా అప్పటి యజమానురాలు" అని రాశాను. "తెలియవచ్చింది" అని రాశాను. "పొరపాటు" అని రాశాను. చదివి చించేశాను. సాయంత్రానికి ఇలా కుదిరింది. దీన్నే అందరికీ రాస్తున్నాను, నీకూ ఒక ప్రతి పంపుతున్నాను. తప్పులుంటే చెప్పు.

"అయ్యా, మీ దగ్గరున్న పోస్టరు తల పట్టీ రాసింది ఆల్ఫోన్స్ డెరైకె కాదు, ఎమ్మా వెర్హలే. ఆవిడ తన సంతకం కూడా పెట్టింది. ఆవిడ మా అమ్మ. ఆ సంతకం చెరిపేసింది నేను."

ఫిర్మిన్